దించే గాలి

కూర్మారావుకి ఆ వసంతమంతా ఒకటే బాధ. ఎంత ఎత్తుకి ఎక్కినా సముద్రం అందడం లేదు.

కొండలకీ సముద్రానికీ నడుమ ఎర్రమెట్ట అనే చోట, యుద్ధకాలంలో వేసి వదిలేసిన రన్‌వే ఒకటి ఉండేది. దాని మీద యాకూబ్ మాస్టారు కుర్రవాళ్ళకి గ్లైడర్ నడపడం నేర్పేవారు. గ్లైడర్ అంటే ఇంజను లేని విమానం. చెక్క చట్రం, దాని మీద బిగించిన గుడ్డ, పొడుగాటి రెక్కలు, అంతే. రన్‌వేకి ఆ చివర వించ్ ఉంటుంది. అది ఉక్కుతాడుని గిర్రున చుట్టుకుంటుంటే ఈ చివరనున్న గ్లైడర్ గాలిపటంలా పైకి లేస్తుంది. పైకి వెళ్ళాక తాడు వదిలేయాలి. ఆపైన గాలి దయ.

మాస్టారు ఒకప్పుడు ఎయిర్‌ఫోర్సులో ఇంజన్లున్న విమానాలు నడిపినవారే. ఆ కబుర్లు చెప్పమని ఎవరైనా అడిగితే, "అప్పట్లో ఎగురుతున్నానని అనుకునేవాణ్ణి. ఇంజనే నన్ను మోసుకెళ్ళేది" అని ఊరుకునేవారు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు.

కూర్మారావు కాలేజీలో ఎన్‌సీసీ కుర్రాడిగా ఆయన దగ్గరికి వచ్చాడు. తోటివాళ్ళంతా నేర్చుకోవలసింది నేర్చుకుని వెళ్ళిపోయారు. ఇతను ఉండిపోయాడు. రన్‌వే మీద మేస్తున్న మేకల్ని తోలడం దగ్గర్నుంచి, చిరిగిన రెక్కకి గుడ్డ అతికించడం దాకా అన్నీ తనే చేసేవాడు. గ్లైడర్ ఖాళీగా ఉంటే ఎక్కేవాడు. మాస్టారి శిష్యుల్లో గాలిని అతనంత త్వరగా పసిగట్టేవాడు ఇంకొకడు లేడు.

ఫాల్గుణం సగమయ్యాక ఆ మెట్ట మీద రోజుల తీరు మారుతుంది. చలికాలపు మంచుపొర తేలిపోయి, నేల పెందలాడే కాగడం మొదలెడుతుంది. ఎర్రమట్టి దిబ్బలు, కోతలైపోయిన చేలు, రాతి గుట్టలు ముందు వేడెక్కుతాయి. వాటి మీది గాలి తేలికై, బుడగలా విడివడి పైకి లేస్తుంది. దాన్ని థర్మల్ అంటారు గ్లైడర్లవాళ్ళు. ఆ లేచే గాలిలో దూరి గుండ్రంగా తిరుగుతుంటే గ్లైడర్ కూడా దానితోపాటు లేస్తుంది. గద్దలు రెక్క ఆడించకుండా అంతెత్తుకి వెళ్ళేది ఇలాగే. మంచి థర్మల్ నెత్తిన దూదిపింజంత మబ్బు కడుతుంది. ఒక మబ్బు కింద ఎక్కి, ఇంకో మబ్బు దాకా జారి, అక్కడ మళ్ళీ ఎక్కి, అలా మనిషి పొద్దు వాలేదాకా పోవచ్చు.

అయితే ఎర్రమెట్టకి తూర్పున సముద్రం ఉంది.

నీళ్ళు నేలంత త్వరగా వేడెక్కవు. మధ్యాహ్నం తిరిగేసరికి సముద్రం మీది చల్లగాలి నేల మీదికి బయల్దేరుతుంది. వేడిగాలి కిందుగా చాప పరిచినట్టు పరుచుకుంటూ వస్తుంది. అది వచ్చినచోట నేల చల్లబడుతుంది. థర్మళ్ళు చచ్చిపోతాయి. మబ్బులు చూస్తుండగానే కరిగిపోతాయి. అందులోకి వెళ్ళిన గ్లైడర్‌కి ఇక దిగడం ఒకటే పని.

కూర్మారావు ఎప్పుడూ తూర్పుకే వెళ్ళేవాడు. ఆ గాలి ఎప్పుడూ అతన్ని తీసుకెళ్ళి ఎవరో ఒకరి చేలో దించేసేది.

అలా దిగినప్పుడు జీపుకి పొడుగాటి ట్రైలర్ తగిలించుకుని వెళ్ళి, రెక్కలు విప్పి, గ్లైడర్‌ని వెనక్కి తేవాలి. వించ్ నడిపే సన్యాసిదే ఆ పని కూడా.

"ఈవేళ ఎవరి చేలోరా కూర్మిగా? ముందే చెప్పీ. నీకంటే ముందెల్లి కూకుంటాను" అనేవాడు పొద్దుటే.

"ఈవేళ దిగను."

"నిన్నా అదే అన్నావు. జీడితోటోళ్ళు నన్ను అల్లుడుగారూ అంటన్నారు తెలుసా? అన్నిసార్లు ఎల్లినాను ఆ ఇంటికి."

ఒకసారి పెసరచేలో దిగాడు. కాయ కోస్తున్న ముసలమ్మ బుట్ట అక్కడే పారేసి పరిగెత్తుకొచ్చింది.

"ఓలమ్మో! ఇంత ఆకాశం ఉంటే నీకు నా చేనే దొరికినాదా బావూ?"

"గాలి దించేసింది అవ్వా."

"గాలి మీదకి తోసీకు. నేనూ పొద్దున్నించీ ఈ గాల్లోనే ఉన్నాను. నన్నేటీ సెయ్యనేదు."

తిట్టడం అయ్యాక మంచినీళ్ళు ఇచ్చింది. మంచినీళ్ళు తాగుతుంటే ఏ ఊరని అడిగింది.

"మొగలిపాడు" అన్నాడు కూర్మారావు.

"సముద్రం ఒడ్డు మొగలిపాడా? అదుగో, ఆ తాటితోపు దాటితే వొచ్చీదే కదా. ఎల్లి అన్నం తినీసి రా."

"గ్లైడర్ వదిలి పోకూడదు అవ్వా. పశువులొచ్చి రాసుకుంటే గుడ్డ చిరుగుతుంది. దించినవాడే బండి వచ్చేదాకా కాపలా ఉండాలి. మా మాస్టారి రూలు."

రూలు నిజమే. కానీ అతను వెళ్ళకపోవడానికి కారణం అది కాదు.

కూర్మారావు జాలరివాళ్ళ పిల్లవాడు. తండ్రి, అన్న దాలయ్య, తను, ముగ్గురిదీ ఒకటే తెప్ప. అప్పటికి ఆ తీరానికి మోటార్లు రాలేదు. తెరచాప, తెడ్డు, అంతే. ఒక చైత్రమాసంలో, అన్నదమ్ములిద్దరూ ఒడ్డున వల బాగుచేసుకుంటుండగా తండ్రి వేరేవాళ్ళ తెప్ప మీద వేటకి వెళ్ళాడు. ఆ తెప్ప తిరిగి రాలేదు.

కర్మలైన మర్నాడు దాలయ్య వల భుజానేసుకున్నాడు.

"అయ్యని మింగిన నీళ్ళలోకే మళ్ళీ ఎల్తావా?" అన్నాడు కూర్మారావు.

"మరెక్కడికి ఎల్లాల్రా?" అన్నాడు దాలయ్య.

కూర్మారావు ఊరి జనం ముందు, ఆ ఇసుకలో నిలబడి, ఈ ఇసుక మీద ఇంక కాలు పెట్టనన్నాడు. పెట్టలేదు కూడా. పట్నంలో హాస్టల్లో ఉండి చదువుకున్నాడు. ఎండుచేపలు అమ్ముకోవడానికి వచ్చేవాళ్ళ నోట అప్పుడప్పుడూ కబురు తెలిసేది. దాలయ్యకి పెళ్ళయింది. కూతురు పుట్టింది. ఆ పిల్ల నడుస్తోంది. మాటలు కూడా వచ్చేశాయి.

విన్న ప్రతిసారీ కూర్మారావు ఏదో పని కల్పించుకుని లేచి వెళ్ళిపోయేవాడు. ఆ పూట అన్నం సరిగా తినేవాడు కాదు.

ఇసుక మీద కాలు పెట్టనని అన్నాడు గాని, ఇసుక మీదుగా ఎగరనని అనలేదు. ఊరి మీద ఒక్క చుట్టు తిరిగితే చాలు. అన్న తలెత్తి చూస్తాడు. అన్న తలెత్తి చూడటం తను పైనుంచి చూస్తాడు. అతనికి కావలసింది అంతే.

ఒకనాడు సాయంత్రం, మళ్ళీ ట్రైలర్ మీద మెట్ట చేరాక, మాస్టారి దగ్గరికి వెళ్ళాడు. ఆయన రెక్క మీది దుమ్ము తుడుస్తున్నారు.

"మాస్టారూ, సముద్రపు గాలిని దాటే ఉపాయం ఏదైనా ఉందా?"

"దేనికి?"

"మా ఊరి మీద ఒక్క చుట్టు తిరగాలి."

"తిరిగి?"

"వెనక్కి వచ్చేస్తాను."

మాస్టారు కాసేపు తుడుస్తూనే ఉన్నారు. "ఎలా ఉంటుంది ఆ గాలి?" అని అడిగారు.

"ఎలా ఏముంది మాస్టారూ! దిక్కుమాలిన గాలి. చల్లగా వస్తుంది, ఉన్న థర్మళ్ళన్నీ ఊడ్చేస్తుంది. నా మీద పగబట్టినట్టు అక్కడే కాసుకుని కూర్చుంటుంది."

మాస్టారు గుడ్డ దులిపి మడత పెట్టారు. "ఆ గాలిని నువ్వు సగమే చూశావు కూర్మా."

"రెండో సగం ఎక్కడుంటుంది?"

మాస్టారు నమాజుకి వేళయిందని లోపలికి వెళ్ళిపోయారు.

ఆ మాట పట్టుకుని కూర్మారావు తనకి తోచినట్టు వెతికాడు. రన్‌వే పక్క గుంజకి కట్టిన గాలికోక ఎటు తిరుగుతోందో, ఇటుకబట్టీ పొగ ఎటు వాలుతోందో రోజంతా చూశాడు. చివరికి ఒక సంగతి పట్టుకున్నాడు. పడమటి కొండల మీంచి పొడిగాలి గట్టిగా వీచే రోజున సముద్రపు గాలి లోపలికి చొరబడలేదు. చాలాసేపు ఒడ్డు దగ్గరే ఆగిపోతుంది. ఆ రోజు థర్మళ్ళు కూడా తూర్పుకే కొట్టుకుపోతాయి. అలాంటి రోజు దొరికితే మొగలిపాడు దాకా నేల తాకకుండా వెళ్ళొచ్చు.

అక్కణ్ణించి కొండగాలి కోసం ఎదురుచూపులు మొదలయ్యాయి.

చైత్రం వచ్చింది. కొన్ని రోజులు మసక పట్టి, వించ్ కూడా సరిగా కనిపించేది కాదు. కొన్ని రోజులు పైన ఎక్కడో పల్చటి మబ్బు ముసుగులా పరుచుకుని ఎండని తాగేసేది. నేల కాగేది కాదు, గద్దలు సైతం తాటిచెట్ల మీదే కూర్చునేవి. ఒకరోజు కొండగాలి వచ్చింది గాని, మరీ విసురుగా వచ్చి థర్మళ్ళని ముక్కలు ముక్కలు చేసేసింది. ఒక సాయంత్రం వడగళ్ళతో వాన పడింది. మర్నాడు నేలంతా తడి. తడినేల మీద ఎండ కాసినా నీళ్ళు ఆర్చడానికే సరిపోతుంది, గాలిని లేపలేదు. కూర్మారావు ఆ రోజంతా రన్‌వే మీద అటూ ఇటూ తిరిగాడు.

"తడిపంచెలాగ ఆరబెట్టడానికి నేలని ఎత్తి తాడు మీద ఎయ్యలేవు కదరా. కూకో" అన్నాడు సన్యాసి.

ఆ తర్వాతి రోజు తెల్లవారేసరికి కొండలు కడిగి దగ్గరికి జరిపినట్టున్నాయి. గాలి పడమటినుంచి, పొడిగా, నిలకడగా వీస్తోంది. ఇటుకబట్టీ పొగ తూర్పుకి వాలింది.

కూర్మారావు ఆగలేకపోయాడు. పొద్దు ఇంకా ఎక్కకముందే గ్లైడర్‌ని వించ్‌కి తగిలించుకున్నాడు. లేచాడు, తాడు వదిలాడు, ఒక్క గిరికీ కొట్టాడు, తిన్నగా వచ్చి రన్‌వే మీదే దిగాడు.

"మొగలిపాడు సూసొచ్చీసినావా?" అన్నాడు సన్యాసి.

"నేల ఇంకా లేవలేదు. నువ్వు ముందు లేచి ఏం లాభం?" అన్నారు మాస్టారు. గ్లైడర్ నీడలో చాప వేసుకుని కూర్చున్నారు. కూర్మారావుని కూడా కూర్చోమన్నారు. కూర్చున్నాడు గాని, అతని కళ్ళు దిబ్బల మీదే ఉన్నాయి.

చాలాసేపటికి ఎర్రదిబ్బ మీద ఎండుటాకులు సుడి తిరిగాయి. ఒక గద్ద తాటిచెట్టు వదిలి అటు వెళ్ళింది. రెక్క ఆడించకుండా పైకి లేచింది.

కూర్మారావు ముందు సీటులోకి ఎక్కాడు. అతను బెల్టు కట్టుకుంటుండగా వెనక సీటులో బరువు పడింది. మాస్టారు. ఆయన్ని ఎవరూ పిలవలేదు.

గ్లైడర్లవాళ్ళకి ఒక పద్ధతి ఉంది. థర్మల్‌లోకి ముందు చేరినవాళ్ళు ఎటు తిరుగుతుంటే తర్వాత వచ్చినవాళ్ళు కూడా అటే తిరగాలి. మాస్టారు ఆ మర్యాద పక్షులకి కూడా ఇవ్వమనేవారు. గద్ద కుడికి తిరుగుతోంది. కూర్మారావు కుడికి వాల్చాడు. సీటు కింద నుంచి ఎవరో ఎత్తుకున్నట్టయింది. మెట్ట చిన్నదైంది. రన్‌వే గీతయింది. మబ్బు అడుగు చల్లగా తగిలేదాకా ఎక్కి, అప్పుడు ముక్కు తూర్పుకి తిప్పాడు.

వెనకనుంచి కొండగాలి తోస్తోంది. రైలుపట్టాలు దాటారు. పూతపట్టిన జీడితోటల మీద ఒక మబ్బు, కోతలైన చేల మీద ఇంకొకటి. అన్నీ దారి పొడుగునా అతని కోసమే కట్టినట్టున్నాయి. వాన కడిగిన గాలిలో మసక లేదు. ఎదురుగా నీలంగా ఏదో ఉంటే కూర్మారావు మొదట దాన్ని ఆకాశమే అనుకున్నాడు.

తర్వాత దాని అంచున తెల్లటి దారం కదిలింది.

అది సముద్రం. సరుగుడు తోటల నల్లటి చార, దానవతల ఇసుక, ఇసుకలో చారెడు గింజలు చల్లినట్టు ఇళ్ళు. మొగలిపాడు. అలలు విరుగుతున్నాయి. చప్పుడు మాత్రం లేదు. చప్పుడు లేని సముద్రాన్ని అతను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. నీళ్ళ మీద చాలా దూరాన కొన్ని చుక్కలున్నాయి. తెప్పలే అయుంటాయి. అందులో అన్న ఏ చుక్కో తెలియలేదు.

ఊరికి ఇంకా ఇవతలే ఆఖరి మబ్బుల వరస గోడలా నిలబడి ఉంది. అక్కడ కొండగాలి, సముద్రపు గాలి ఢీకొంటున్నాయి. రెండూ పోవడానికి చోటులేక పైకి లేస్తున్నాయి. ఆ వరస కింద గద్దలు బారులు తీరి తిరుగుతున్నాయి. గోడకి అవతల ఒక్క మబ్బు లేదు.

కూర్మారావు ఆ గోడ కింద ఒక చుట్టు తిరిగాడు. ఇంకో చుట్టు తిరిగాడు.

"కనిపించిందా?" అన్నారు మాస్టారు.

"కనిపించింది."

"ఇంకాస్త ఎక్కితే ఇక్కణ్ణించి వెనక్కి మెట్ట చేరొచ్చు."

"దాటితే?"

"నీకు తెలుసు."

దాటితే దిగడమే. ఇంకో చుట్టు తిరిగాడు. "మాస్టారూ, కంట్రోలు మీరు తీసుకోండి."

"నా చేతులు ఖాళీ లేవు."

కూర్మారావు తల తిప్పి చూశాడు. ఆయన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

అతను ముందుకి తిరిగి, ముక్కు సముద్రం వైపు పెట్టి, గోడ దాటేశాడు.

దాటగానే అంతా నెమ్మదించింది. కుదుపులు ఆగిపోయాయి. ఎక్కడం, దిగడం చూపే ముల్లు కిందకి వాలింది. గాలి వచ్చే కంతలోంచి చల్లగా, తడిగా, ఎండుచేపల వాసనతో వచ్చింది. అతని కళ్ళు చెమ్మగిల్లాయి. ముక్కు ఊరి వైపే ఉంది. ఎదురుగాలికి ఊరు మాత్రం దగ్గరకి రావడం లేదు. నేల దగ్గరకి వచ్చేస్తోంది. సరుగుడు తోటకి ఇవతల ఉలవలు కోసేసిన బీడు ఒకటి కనిపించింది. ఇంక వేరే దారి లేదు. అక్కడ దించాడు.

నెత్తి మీది అద్దం తెరవగానే, తోట అవతలనుంచి, సముద్రం హోరు వినిపించింది.

"అందలేదు మాస్టారూ" అన్నాడు కూర్మారావు. కిందకి దిగి, చేతిలోని టోపీ నేలకేసి కొట్టాడు. "ఇంత మంచి రోజు దొరికి కూడా అందలేదు. ఆ గాలి ఇంకో గంట ఆగి ఉంటే ఏం పోయేది? పాడు గాలి!"

గాలికి రెక్క లేవబోయింది. దిగిన గ్లైడర్‌ని గాలికి అడ్డంగా తిప్పి, గాలి వచ్చేవైపు రెక్కని నేలకి ఆనించి, దాని మీద ఏదైనా బరువు పెట్టాలి. ఏమీ దొరక్కపోతే మనిషే కూర్చోవాలి. ఇద్దరూ కలిసి తిప్పారు. కూర్మారావు రెక్క చివరికి వెళ్ళేసరికి మాస్టారు అప్పటికే దాని మీద కూర్చుని ఉన్నారు.

"లేవండి మాస్టారూ. దించింది నేను. కాపలా నాది."

"ఈవేళ నాది."

"రూలు మీరు పెట్టిందే కదా!"

"అందుకే తీసేస్తున్నాను." ఆయన కాళ్ళు చాపుకున్నారు. "సన్యాసి రావడానికి చాలాసేపు పడుతుంది. నువ్వు వెళ్ళు."

ఎక్కడికని కూర్మారావు అడగలేదు. "ఇసుక మీద కాలు పెట్టనన్నాను మాస్టారూ. ఊరందరి ముందు అన్నాను."

"పెట్టకు. ఇసుక ఎక్కడ మొదలవుతుందో చూసి, అక్కడ ఆగిపో."

కూర్మారావు బయల్దేరాడు. బీడు దాటి సరుగుడు తోటలోకి వెళ్ళాడు. కాళ్ళ కింద రాలిన సరుగుడాకు మెత్తగా పరుచుకుని ఉంది. ప్రతి అడుగూ చూసి వేశాడు. మట్టే, ఇంకా మట్టే అనుకున్నాడు. ఒకచోట వంగి ఆకుని చేత్తో పక్కకి తోశాడు. కింద ఇసుక. వెనక్కి నాలుగడుగులు వేసి అక్కడా తోశాడు. అక్కడా ఇసుకే. ఇంకా వెనక్కి, తోట మొదట్లోకి, బీడు అంచుదాకా వెళ్ళి చూశాడు. అదీ ఇసుకే. గ్లైడర్ దిగిన నేల కూడా అదే రంగులో ఉంది.

అక్కణ్ణించి కింద చూసుకోకుండా నడిచాడు.

ఒడ్డున ఆడవాళ్ళు బుట్టలతో నిలబడి ఉన్నారు. ఎవరూ కూర్చోలేదు. ఎవరూ కబుర్లు చెప్పుకోవడం లేదు. అందరూ నీళ్ళకేసే చూస్తున్నారు. ఇతన్ని ఎవరూ పట్టించుకోలేదు.

పక్కనే ఒకామె చంకలో ఆడపిల్లని ఎత్తుకుని ఉంది. పిల్ల నుదురు చూసి కూర్మారావు చూపు తిప్పుకోలేకపోయాడు. అది తన తండ్రి నుదురు.

"ఏటైనాదమ్మా?" అన్నాడు. అతని నోటికి ఆ యాస తనంతట తనే తిరిగి వచ్చింది.

"పొద్దున్నించీ కొండగాలేను బావూ. గాలి తిరగనేదు. తెప్పలన్నీ లోపలికి కొట్టుకుపోనాయి. గాలి తిరక్కపోతే ఎలాగొస్తారు? ఇదిగో, ఇప్పుడే తిరిగినాది." ఆమె చెంగుతో మొహం తుడుచుకుంది. "మా మావ, దీని తాత, పోయిన్నాడూ ఇలాగేనంట. సీకటడిపోయినా గాలి తిరగనేదంట."

కూర్మారావు ఆమెకేసి చూశాడు. తర్వాత సముద్రం కేసి చూశాడు.

గాలి మొహానికి కొడుతోంది. తెల్లవారుతూనే కొండగాలితో వెళ్ళడం, మధ్యాహ్నం దాటాక ఈ గాలితో ఇంటికి రావడం. మాటలు రాకముందే అతనికి తెలిసిన సంగతి అది. చిన్నప్పుడు అమ్మ గుమ్మంలో నిలబడి చెంప తిప్పి చూసుకుని, "గాలి తిరిగినాది, అన్నం వార్చాల" అనేది.

ఈ వసంతమంతా తను దేనికోసం ఎదురుచూశాడో, పొద్దున్న ఇటుకబట్టీ పొగ చూసి ఎందుకు సంతోషపడ్డాడో తలుచుకుని అతను ఆమెకేసి చూడలేకపోయాడు.

దూరాన ఒక తెరచాప నిండింది. తర్వాత ఇంకొకటి. ఆడవాళ్ళలో ఒకామె పేరు పెట్టి అరిచింది. ఒక్కో తెప్పా అలలు ఎక్కి దిగి ఒడ్డుకి చేరుతుంటే, ఒక్కో బుట్టా కదిలింది. పక్కనున్నామె కదల్లేదు. పిల్లని ఆ చంకనుంచి ఈ చంకకి మార్చుకుంది. మళ్ళీ మార్చుకుంది.

"నాకియ్యమ్మా, ఎత్తుకుంటాను" అన్నాడు కూర్మారావు.

ఆమె ఇతని మొహం కేసి అప్పుడు సరిగా చూసింది. ఏమీ అడక్కుండా పిల్లని ఇచ్చింది. పిల్ల ఏడవలేదు. "మా అయ్య తెప్ప ఇంకా రానేదు" అని ఇతనికి కబురు చెప్పింది.

"వొస్తాది."

"ఎప్పుడూ?"

"గాలుంది కదా. వొస్తాది" అన్నాడు. గాలి పడిపోతుందేమోనని, ఇంకా వీయి, ఇంకా వీయి అని లోపల అనుకుంటూనే ఉన్నాడు.

అన్నిటికంటే ఆఖరున, మాసికలేసిన తెరచాప ఒకటి కనిపించింది. ఆమె గొంతులోంచి చిన్న శబ్దం వచ్చింది. కూర్మారావు పిల్లని ఆమె చేతికిచ్చి నీళ్ళలోకి పరిగెత్తాడు. మోకాలి లోతుకి, నడుము లోతుకి వెళ్ళాడు. అల విరిగేచోట తెప్ప అడ్డం తిరగకుండా ఒకరు తాడు అందుకోవాలి. ఎక్కడ నిలబడాలో అతని కాళ్ళకి గుర్తుంది.

తెప్ప ముందు కొస మీద దాలయ్య నిలబడి ఉన్నాడు. గడ్డం నెరిసింది. తమ్ముణ్ణి చూశాడు. చూస్తూనే తాడు విసిరాడు.

"అల వొస్తంది! లాగు!"

లాగాడు. తెప్ప ఇసుకకి తగిలేదాకా లాగుతూనే ఉన్నాడు. తగిలాక దాలయ్య మొహం మీది ఉప్పునీళ్ళు అరచేత్తో తుడుచుకున్నాడు.

"ఎలాగొచ్చినావురా?"

"ఎగురుకుంటా వొచ్చినాను. గాలి దించీసినాది."

"మమ్మల్నీ అదే తెచ్చినాది" అన్నాడు దాలయ్య. తమ్ముడి భుజం పట్టుకుని, పట్టు వదలకుండా, ఇసుక మీదికి నడిచాడు.

పొద్దు పడమటి కొండల వెనక్కి జారుతుండగా కూర్మారావు బీడుకి తిరిగి వచ్చాడు. బట్టలు నడుము దాకా తడిసి ఉన్నాయి. ఒంటినిండా ఇసుక. చేతిలో తాటాకుకి గుచ్చిన చేపలు. సన్యాసి అప్పుడే జీపు ఆపి ట్రైలర్ విప్పుతున్నాడు.

"మళ్ళీ ముంచీసినాదా నీ పాడు గాలి?" అన్నాడు నవ్వుతూ.

కూర్మారావు చేపలు సన్యాసి చేతిలో పెట్టి, రెక్క దగ్గరికి వెళ్ళాడు. మాస్టారు వెళ్ళేటప్పుడు కూర్చున్నచోటే కూర్చుని ఉన్నారు.

"మాస్టారూ, పొద్దున్న ఈ గాలి రాకూడదని మొక్కుకున్నాను."

మాస్టారు కొంచెం జరిగి, రెక్క మీద చోటిచ్చారు.

"కూర్చో. ఇంకా వీస్తోంది."